రెండు కంప్యూటర్లు, ఒకటే చిట్టా

(మన సొసైటీ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నోటీసు బోర్డు మీద నా అంశం "ఆలయ కార్యాలయంలో కంప్యూటర్ల అనుసంధానం" అని రాశారు. ఆ పేరు చూశాక సగం మంది ఇంటికి వెళ్లిపోతారనుకున్నాను. ఇంతమంది ఇంకా కూర్చున్నారంటే పులిహోర సిద్ధం కాలేదన్నమాట. అది వచ్చేలోగా నా మాట ముగిస్తాను.

నేను చెప్పబోయేది కంప్యూటర్ల సంగతే అయినా, దాని మొదలు ఒక రసీదు దగ్గరుంది. గత కార్తీకమాసంలో మన సభ్యుల్లోనే ఒక టీచరమ్మ గారు, భర్త తిథి నాడు అన్నదానం జరిపించమని 5,116 రూపాయలు కట్టారు. కౌంటర్‌లో రసీదు తీసుకున్నారు. తిథి రోజు వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. సంకల్పంలో ఆరుగురి పేర్లు, గోత్రాలు చదివారు. ఆయన పేరు రాలేదు. ఆవిడ అక్కడ ఒక్క మాట అనలేదు. అంతా అయ్యాక ఆఫీసు గదిలోకి వచ్చి రసీదు బల్ల మీద పెట్టారు. నంబరు 412. కంప్యూటర్‌లో 412 తీస్తే వేరే పేరు ఉంది, వాహన పూజ, 516 రూపాయలు.

ఈ సంగతి చెప్పడానికి ఆవిడ అనుమతి తీసుకున్నాను. "నా పేరు వద్దు, విషయం చెప్పు బాబూ" అన్నారు.

ఆ రోజు కౌంటర్‌లో కూర్చున్నది ఇంటర్ చదివే కుర్రాడు. అతణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. అదే వచ్చిన చిక్కు. అనకుండా చూశారు. నాలుగు రోజులు చూసి అతను గుడికి రావడం మానేశాడు. వాళ్ల అమ్మగారు మా అమ్మకి ఫోన్ చేశారు, మా అమ్మ దమ్మాంలో ఉన్న నాకు చేసింది. "నువ్వు కంప్యూటర్లవాడివి కదా, అసలు డబ్బు ఎక్కడికి పోయిందో చూడు" అంది. డబ్బు ఎక్కడికీ పోలేదని నాకు అప్పుడే అనిపించింది. ఎందుకంటే ఇదే కథ నేను అంతకుముందు దమ్మాంలో చూశాను.

దమ్మాం అంటే సౌదీ అరేబియా తూర్పు తీరం. చమురు కంపెనీల ఊళ్లు, జుబైల్, ఖోబర్, ధహ్రాన్, అన్నీ ఆ చుట్టుపక్కలే. అక్కడ మనవాళ్లు చాలామంది ఉన్నారు కానీ గుడి లేదు. ఉగాది పచ్చడైనా, వినాయక చవితైనా ఇంట్లో తలుపు వేసుకుని చేసుకోవడమే. గుడికి వెళ్లాలనిపిస్తే సముద్రం మీద 25 కిలోమీటర్ల కాజ్‌వే దాటి బహ్రెయిన్ వెళ్లాలి. అందుకే సెలవుకి వచ్చినప్పుడల్లా నేను ఇక్కడ ఎక్కువగా కనిపిస్తుంటాను. భక్తి ఎక్కువై అనుకోకండి, కరువు తీర్చుకోవడం.

2018 జనవరి 1న సౌదీలో మొదటిసారి వ్యాట్ వచ్చింది, ఐదు శాతం. అప్పటిదాకా చిన్న కొట్లవాళ్లకు లెక్క అంటే గల్లాపెట్టె, ఒక నోటుపుస్తకం. ఒక్కసారిగా అందరికీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ కావాల్సి వచ్చింది. మనవాళ్లు ఎక్కువగా టాలీ తెచ్చుకున్నారు. అది 1986లో మన దేశంలో పుట్టినదే కాబట్టి లెక్కలు రాసేవాళ్లకు, అంటే కేరళవాళ్లకు, మనవాళ్లకు, చేతికి అలవాటు. నాకు తెలిసిన ఒక ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టులో కింద బిల్లింగ్ కౌంటరు, మెట్లెక్కితే అకౌంటెంట్ గది. కౌంటర్‌లో మన జగిత్యాల వైపు అబ్బాయి. రెండు చోట్లా రెండు కంప్యూటర్లు. లైసెన్సు ఒకరికి సరిపోయేది. వాటి మధ్య తంతి లేదు, పెన్ డ్రైవ్ ఉంది.

సాయంత్రం అకౌంటెంట్ కిందికి వచ్చి ఆ రోజు లెక్కల ఫోల్డర్‌ని పెన్ డ్రైవ్‌లో ఎక్కించుకుని పైకి వెళ్తాడు. రాత్రి కొనుగోళ్లు, బ్యాంకు పద్దులు రాసుకుంటాడు. పొద్దున్నే ఆ ఫోల్డర్ తెచ్చి కింద కంప్యూటర్‌లో పాతదాని మీద పెట్టేస్తాడు. మధ్యలో కింద ఎవరూ బిల్లు కొట్టకపోతే ఇది బాగానే నడుస్తుంది. అయితే ఆ రోజుల్లో నమాజు వేళకు కొట్లన్నీ మూసేవారు. ఇషా నమాజుకి షట్టర్ దించగానే, ఇదే అదనని ఆయన ఫోల్డర్ తీసుకునేవాడు. నమాజు అయ్యాక షట్టర్ లేచేది. రాత్రి పదింటిదాకా బేరం. పొద్దున ఆయన తెచ్చిన పాత ఫోల్డర్ దాని మీద పడగానే రాత్రి బిల్లులన్నీ మాయం. పైగా, మాయమైన బిల్లుల నంబర్లనే సాఫ్ట్‌వేర్ మర్నాడు వచ్చినవాళ్లకు మళ్లీ ఇచ్చేది. దాని లెక్క ప్రకారం ఆ నంబర్లు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు మరి.

నగదు బిల్లులు పోయినప్పుడు గల్లాలో డబ్బు లెక్క కంటే ఎక్కువ తేలుతుంది. ఎక్కువ వస్తే ఎవరూ అడగరు. కాంట్రాక్టర్లకు అరువు మీద ఇచ్చిన సరుకు బిల్లులు పోయినప్పుడే అసలు గొడవ. సరుకు వెళ్లిపోయింది, పుస్తకంలో అమ్మకం లేదు. స్టాకు లెక్కిస్తే 3,460 రియాళ్ల తేడా. యజమానికి ఒకటే అర్థమైంది: కుర్రాడు బిల్లు కొట్టి, చెరిపేసి, సరుకు అమ్ముకుంటున్నాడని. అప్పట్లో యజమాని ఒప్పుకుంటేనే ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా. చెల్లి పెళ్లికి రావాల్సిన అబ్బాయి సెలవు ఆగిపోయింది.

మొదటి త్రైమాసికం వ్యాట్ రిటర్న్ ఏప్రిల్ నెలాఖరులోగా వేయాలి. పైలెక్క, కిందిలెక్క కలవక నన్ను పిలిచారు. నేను లెక్కలవాణ్ణి కాను. కాబట్టి లెక్క చూడలేదు, బిల్లుల నకళ్ల కట్ట తెమ్మన్నాను. రెండు రాత్రులు కూర్చుని కాగితం మీది నంబరు, కంప్యూటర్‌లోని నంబరు పక్కపక్కన పెట్టాను. ఒకే నంబరుతో ఇద్దరేసి ఖాతాదారులు బయటపడ్డారు. ప్రతి జంటలోనూ మాయమైన బిల్లు సమయం ఇషా తరవాతే. యజమాని ఆ కాగితాల మీద సమయాలు చూసి చాలాసేపు మాట్లాడలేదు. అబ్బాయికి వీసా ఇచ్చాడు. పెళ్లికి మాత్రం అందలేదు.

మన గుడిలో జరిగింది కూడా అక్షరాలా ఇదే. నమాజు బదులు సాయంకాల హారతి అనుకోండి. కోశాధికారి గారు హారతికి ముందు ఫోల్డర్ తీసుకుని ఇంటికి వెళ్లి బ్యాంకు పద్దులు రాసేవారు. ఆయన వెళ్లాక కౌంటర్‌లో ఇంకో రెండు గంటలు రసీదులు నడిచేవి. కార్తీకమాసం కాబట్టి ఆ రెండు గంటల్లోనే రద్దీ. రసీదుల నకళ్ల కట్టను వాట్సాప్‌లో ఫోటోలు తీసి పంపమన్నాను. నెల మొత్తంలో 23 రసీదులు పుస్తకంలో లేవు. డబ్బు మాత్రం ఉంది! గల్లాలో ఎక్కువ తేలిన ప్రతిసారీ "ఇతర విరాళాలు" కింద జమ చేసుకున్నారు. అంటే స్వామి సొమ్ము ఒక్క రూపాయి పోలేదు. పోయినవి ఇచ్చినవారి పేర్లు. కోశాధికారి గారు ఈ మాట కమిటీలో తానే లేచి చెప్పారు, అందుకు ఆయనకి నమస్కారం పెట్టాలి. డెబ్బై ఏళ్ల వయసులో, జీతం లేకుండా, రాత్రి పదింటిదాకా పద్దులు రాసే మనిషి చేసిన పొరపాటు అది. తంతి వేయకుండా పెన్ డ్రైవ్ ఇచ్చింది మనం.

ఇక పరిష్కారం. మన తాతల నాటి చిట్టా ఒక పుస్తకం. ఇద్దరు గుమాస్తాలు ఉన్నా దాన్ని చింపి చెరిసగం ఇంటికి పట్టుకెళ్లేవారు కాదు. కంప్యూటర్ వచ్చాక నకలు తీయడం సులువైపోయి, ఏది పుస్తకమో ఏది నకలో మరచిపోయాం.

సౌదీలో పన్నుల శాఖవాళ్లు ఇదే సంగతిని చట్టంలో రాసుకున్నారు. జకాత్, పన్ను, కస్టమ్స్ అథారిటీ అని దాని పేరు, అక్కడ అందరూ "జాట్కా" అంటారు. మన జట్కాబండికి దానికీ చుట్టరికం లేదు. 2021 డిసెంబర్ 4 నుంచి చేతిరాత బిల్లులు చెల్లవన్నారు, అంతా ఎలక్ట్రానిక్. 2023 జనవరి నుంచి కంపెనీలను విడతలవారీగా నేరుగా వాళ్ల వ్యవస్థకే కలుపుతున్నారు. బిల్లులు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో ఏమేమి ఉండకూడదో వాళ్లు ఒక జాబితా ఇచ్చారు. పాస్‌వర్డ్ లేకుండా ఎవరైనా లోపలికి రాగలగడం ఉండకూడదు. ఇచ్చిన బిల్లును మార్చడం, చెరపడం కుదరకూడదు. కంప్యూటర్ గడియారాన్ని వెనక్కి తిప్పడం కుదరకూడదు. ఒకే సమయంలో ఒకటి కంటే ఎక్కువ నంబర్ల వరసలు నడవకూడదు. బిల్లు తప్పైతే చెరపరు, దానికి క్రెడిట్ నోటు రాస్తారు. తప్పూ ఉంటుంది, దిద్దుబాటూ ఉంటుంది. పన్ను ఎగ్గొట్టేవాళ్లను పట్టుకోవడానికి పెట్టిన నియమాలివి. నాకైతే ఇవి కౌంటర్‌లో కూర్చున్న పిల్లవాడిని కాపాడే నియమాల్లా కనిపించాయి. 2018లో ఇవి ఉండుంటే జగిత్యాల అబ్బాయి చెల్లి పెళ్లి చూసేవాడు.

మన గుడికి ఆ చట్టం వర్తించదు. అయినా అందులోంచి మనకు పనికొచ్చేవి తీసుకున్నాం.

ముందు లైసెన్సు సంగతి. దీని మీద కమిటీలో చాలా చర్చ జరిగింది. టాలీలో సిల్వర్ అంటే ఒక కంప్యూటర్‌కి, గోల్డ్ అంటే ఒకే నెట్‌వర్క్‌లో ఎన్నిటికైనా. ధర ఇంచుమించు మూడు రెట్లు. భక్తుల సొమ్ము కాబట్టి "రెండో కంప్యూటర్‌లో లైసెన్సు లేకుండా వాడుకోలేమా" అని ఒకరు అడిగారు. నిరుడు వేసవిలో ఎవరో ఆ ప్రయోగం చేశారు కూడా. లైసెన్సు లేకపోతే అది నేర్చుకునేవాళ్ల కోసం పెట్టిన ఎడ్యుకేషనల్ మోడ్‌లో తెరుచుకుంటుంది. అందులో నెలకి 1, 2, 31 తేదీల్లో తప్ప పద్దు రాయనివ్వదు. మనవాళ్లు ఏం చేశారంటే, వారం రోజుల అర్చన టికెట్లన్నీ రెండో తేదీన రాసేశారు. ఆ వైశాఖంలో మన స్వామికి ఒకే రోజున అన్ని అర్చనలు ఎలా జరిగాయని ఆడిటర్ గారు అడిగితే జవాబు చెప్పలేకపోయాం.

నా అభిప్రాయం దాచుకోను. డబ్బు లేకపోతే సిల్వర్‌తోనే ఉండండి, కానీ ఒకే కంప్యూటర్ మీద వంతులవారీగా కూర్చోండి. పగలు కౌంటరు, రాత్రి కోశాధికారి. అది పేదరికం, అంతే. నకలు తీసుకెళ్లడం ప్రమాదం. గోల్డ్ తీసుకునేదాకా, అంటే నాలుగు నెలలు, మనం చేసింది కూడా అదే. ఆ నాలుగు నెలల్లో ఒక్క రసీదు తప్పలేదు.

ఇప్పుడు ఆఫీసు గదిలో ఉన్నది పెద్ద కంప్యూటర్. లెక్కల ఫోల్డర్ అందులో ఒక్కదాంట్లోనే ఉంది. కౌంటర్ కంప్యూటర్‌లో లెక్క ఏమీ లేదు. అది తంతి ద్వారా ఆఫీసులోని పుస్తకాన్నే తెరిచి రాస్తుంది. రేపు కౌంటర్ కంప్యూటర్ మీద తీర్థం ఒలికినా పోయేది కంప్యూటరే, లెక్క పోదు. మరి కౌంటర్‌దాన్నే పెద్దదిగా ఎందుకు పెట్టలేదంటే, దాన్ని రోజుకి మూడుసార్లు ఆపుతారు, పిల్లలు మీటలు నొక్కుతారు, పక్కనే దీపం ఉంటుంది.

వైఫై సరిపోదా అని చాలామంది అడిగారు. ఫోన్‌లో వీడియో చూస్తుంటే వైఫై ఒక్క క్షణం ఆగినా మళ్లీ మొదలవుతుంది, మనకు తెలియను కూడా తెలియదు. పద్దు సగం రాస్తుండగా ఆగితే ఫైలు పాడయ్యే ప్రమాదం ఉంది. పైగా మధ్యలో గర్భాలయం రాతిగోడలు. అందుకని తంతే వేశాం. ప్రదక్షిణ మార్గానికి అడ్డం రాకూడదన్నారు అర్చకస్వామి, న్యాయమే. ప్రహరీ వెంబడి తిప్పి తెస్తే దాదాపు 60 మీటర్లు వచ్చింది. ఈ రకం తంతికి 100 మీటర్ల వరకు భయం లేదు. మొదటిసారి వేసింది వంటశాల దగ్గర తెగింది. ఎవరు కొరికారో చెప్పక్కర్లేదు, గణపతి వాహనం. రెండోసారి పైపులో వేశాం.

ఇంకో చిన్న సంగతి మాకు పది రోజులు నిద్ర లేకుండా చేసింది. రెండు కంప్యూటర్లకూ యూపీఎస్ ఉంది. కరెంటు పోయినా రెండూ వెలుగుతూనే ఉన్నాయి, కౌంటర్ మాత్రం ఆగిపోతోంది. తీరా చూస్తే రెండిటినీ కలిపే స్విచ్ డబ్బా మామూలు ప్లగ్‌లో ఉంది! దానికీ యూపీఎస్ ఇచ్చాక ఆ గొడవ తీరింది. మధ్యాహ్నం గుడి మూసినప్పుడు పెద్ద కంప్యూటర్ నిద్రలోకి జారుకునేది, ఆ సెట్టింగ్ తీసేశాం. దాని నెట్‌వర్క్ చిరునామా రోజూ మారకుండా రూటర్‌లో ఖాయం చేశాం. ఇవి మీకు గుర్తుండక్కర్లేదు. ఆఫీసు గోడ మీద తెలుగులో రాసి అంటించాను.

గుర్తుండాల్సింది ఒకటుంది, అది హాల్లో వైఫై గురించి. భక్తులకు ఇచ్చే వైఫై ఇకనుంచి వేరు, లెక్కల తంతి వేరు. పాస్‌వర్డ్ మారింది, మీ ఫోన్లు కలవడం లేదని ఎవరూ కోప్పడవద్దు. దీనికి కారణం కూడా సౌదీ నుంచే చెబుతాను. 2012 ఆగస్టు 15న, రంజాన్ మాసంలో చాలామంది సెలవులో ఉండగా, ధహ్రాన్‌లోని సౌదీ అరామ్‌కో కంపెనీలో షమూన్ అనే వైరస్ సుమారు 30,000 కంప్యూటర్లను తుడిచిపెట్టింది. అది ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి పాకింది నెట్‌వర్క్‌లో పంచుకున్న ఫోల్డర్ల దారినే. చమురు తీసే వ్యవస్థ వేరే నెట్‌వర్క్‌లో ఉండబట్టి బావులు ఆగలేదు, ఆఫీసులు మాత్రం టైప్‌రైటర్లు, ఫ్యాక్స్‌లతో నడిచాయి. నేను వెళ్లేసరికి నాలుగేళ్లు గడిచాయి, అయినా పాత ఉద్యోగులు ఆ వారం గురించి తుఫాను గురించి చెప్పినట్టు చెప్పేవారు. అంత దూరం ఎందుకు, 2017 మేలో వన్నాక్రై వచ్చినప్పుడు మన ఆంధ్రప్రదేశ్‌లోనే కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు తాళం పడిపోయాయి. అది కూడా విండోస్‌లో ఫోల్డర్లు పంచుకునే పాత పద్ధతిలోని లోపం పట్టుకునే పాకింది. రెండు నెలల ముందే మైక్రోసాఫ్ట్ మందు విడుదల చేసింది, వేసుకోనివాళ్లకు అంటింది.

కాబట్టి ఫోల్డర్ పంచుకోవడం అంటే గోడకి తలుపు పెట్టడం. మన తలుపు కౌంటర్ కంప్యూటర్‌కి ఒక్కదానికే తెరుచుకుంటుంది, దానికో పేరు, పాస్‌వర్డ్ ఉన్నాయి. సెట్టింగుల్లో "ఎవరైనా" అని ఒక మాట ఉంటుంది, అది పెడితే పని నిమిషంలో అయిపోతుంది. తొందరలో చాలామంది అదే పెడతారు. మన దగ్గర పెట్టవద్దు.

ఇక పాస్‌వర్డులు. ఇన్నాళ్లూ కౌంటర్‌లో అందరిదీ ఒకటే, స్వామి పేరు, ఒకటి రెండు మూడు. ఇప్పుడు ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. ఒక అక్కయ్య నొచ్చుకున్నారు, "మమ్మల్ని నమ్మడం లేదా" అని. అక్కా, నమ్మకం లేక కాదు. అందరిదీ ఒకటే తాళంచెవి అయితే తప్పు జరిగిన రోజు ఎవరైనా అనుమానించేది అందరికంటే చిన్నవాణ్ణే. మీ పేరుతో మీ పద్దు ఉంటే మీరు చేయనిది మీ మీదికి రాదు. ఎవరు ఏ పద్దు ఎప్పుడు మార్చారో దాచిపెట్టే ఎడిట్ లాగ్ కూడా పెట్టాం. కంపెనీలకు 2023 ఏప్రిల్ 1 నుంచి ఇలాంటిది తప్పనిసరి. సొసైటీలకు ఆ నిబంధన లేదు, మనమే పెట్టుకున్నాం. కౌంటర్‌వాళ్లు కొత్త రసీదు రాయగలరు, పాతది మార్చలేరు. తప్పైతే కోశాధికారి గారు కారణం రాసి రద్దు చేస్తారు, నంబరు అలాగే ఉంటుంది.

కరెంటు పూర్తిగా పోతే? అచ్చు వేసిన పాత రసీదు పుస్తకం కౌంటర్ సొరుగులోనే ఉంది. అది వాడండి. దాని నంబర్లు వేరు. కరెంటు వచ్చాక ఆ నంబరుతో సహా కంప్యూటర్‌లో ఎక్కించాలి. కాగితం మానేయమని చెప్పే కంప్యూటర్లవాణ్ణి నేను కాను. రెండుసార్లూ దొంగతనం అనుమానాన్ని తీర్చింది కాగితం నకళ్లే.

పెన్ డ్రైవ్‌కి ఉద్యోగం పోలేదు, మారింది. రోజూ రాత్రి గుడి మూసేముందు బ్యాకప్ తీస్తారు. మూడు పెన్ డ్రైవ్‌లు వంతులవారీగా, ఒకటి ఎప్పుడూ వేరే ఇంట్లో. అది గుడి నుంచి ఇంటికి వెళ్తుంది. ఇంటి నుంచి తెచ్చి పుస్తకం మీద పెట్టడం మాత్రం ఇక లేదు. ప్రతి మూడో పౌర్ణమికి, సత్యనారాయణ వ్రతం అయ్యాక, ఆ బ్యాకప్ నిజంగా తెరుచుకుంటుందో లేదో ఒక పాత ల్యాప్‌టాప్‌లో తెరిచి చూస్తాం. క్లౌడ్‌లో పెట్టరాదా అని యువకులు అడిగారు. బ్యాకప్ నకలు పెట్టవచ్చు. రాస్తూ ఉన్న పుస్తకాన్ని మాత్రం గూగుల్ డ్రైవ్ లాంటివాటిలో పెట్టవద్దు. రెండు చోట్ల మారితే అది రెండు నకళ్లు తయారుచేస్తుంది. మళ్లీ పెన్ డ్రైవ్ కథే.

వచ్చే వారం నేను దమ్మాం వెళ్లిపోతాను. ఏదైనా ఇబ్బంది వస్తే ఫోన్ చేయండి. ఇక్కడ రాత్రి ఏడింటి హారతి వేళకు అక్కడ నాలుగున్నర. శుక్ర, శనివారాలు అక్కడ సెలవు కాబట్టి ఆ రోజుల్లో చెడిపోయేలా చూసుకుంటే నాకు సౌకర్యం.

టీచరమ్మ గారి భర్త పేరు, మిగతా 22 మంది పేర్లు నకళ్ల నుంచి ఎక్కించాం. పోయిన పౌర్ణమి నాడు వారందరి గోత్రనామాలతో విడిగా సంకల్పం జరిగింది. కౌంటర్‌లో కూర్చోదలచినవారికి శనివారం హారతి తరవాత గంటసేపు నేర్పిస్తాం. నేర్పేది నేను కాదు, ఆ ఇంటర్ కుర్రాడు. అతను మళ్లీ వస్తున్నాడు. కౌంటర్ కంప్యూటర్‌లో మొదటి లాగిన్ అతని పేరుతోనే తెరిచాం.

వెనక గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. పులిహోర వచ్చినట్టుంది, సెలవు.